గుండాధూర్‌కు ఒక మార్కు

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు వెలువరించిన తీర్పుతో, పదిహేను ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న ఉపాధ్యాయులు సైతం మళ్లీ విద్యార్థులయ్యారు. అంజుమన్ ఇషాత్-ఎ-తాలీమ్ ట్రస్టు కేసులో జస్టిస్ దీపాంకర్ దత్తా, జస్టిస్ మన్మోహన్‌ల ధర్మాసనం చెప్పినదానిలో సందిగ్ధత ఏమీ లేదు. ఒకటి నుంచి ఎనిమిది వరకు తరగతులకు బోధించేవారిలో, పదవీ విరమణకు 5 ఏళ్లకు మించి గడువున్నవారంతా 2 ఏళ్లలోగా ఉపాధ్యాయ అర్హత పరీక్షలో, అంటే మన వాడుకలోని టెట్‌లో, ఉత్తీర్ణులు కావాలి. కాలేకపోతే ఉద్యోగం వదులుకోవాలి. 5 ఏళ్ల లోపు సర్వీసు మిగిలినవారికి ఆ ప్రమాదం లేదు గాని, పదోన్నతి కోరుకుంటే వారికీ టెట్ తప్పదు. మైనారిటీ విద్యాసంస్థల సంగతిని మాత్రం విస్తృత ధర్మాసనానికి నివేదించారు.

తీర్పు వచ్చిన నాటి నుంచి జరిగిన చర్చ అంతా ఉద్యోగ భద్రత చుట్టూనే తిరిగింది. ఉపాధ్యాయ సంఘాలు వీధికెక్కాయి. రాజకీయ పక్షాలు యథావిధిగా సానుభూతి తెలిపాయి. నెలజీతం మీద ఆధారపడిన కుటుంబాల ఆందోళనను తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. అయితే ఈ గొడవలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. ఇంతమంది ఉపాధ్యాయులు రెండేళ్ల పాటు పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటారు సరే, వారు చదవబోయేది ఏమిటి? గణితమో భౌతికశాస్త్రమో అయితే ఈ ప్రశ్నకు పెద్ద ప్రాముఖ్యం ఉండదు. సాంఘిక శాస్త్రం అలాంటిది కాదు. చరిత్రనూ ప్రభుత్వ వ్యవస్థనూ ఉపాధ్యాయుడు ఏ రూపంలో నెమరువేసుకుంటే, మరుసటి ఏడు తరగతి గదిలో పిల్లలకు అదే రూపంలో అందుతుంది.

ఈ ప్రశ్నను అడగడానికి బస్తర్‌ను మించిన చోటు ఈ దేశంలో లేదని నా అభిప్రాయం.

తెలుగు పాఠకుడికి బస్తర్ రెండు రకాలుగా తెలుసు. ఒకటి కాకతీయుల కథ. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి, ఇంద్రావతి దాటి వెళ్లి రాజ్యం స్థాపించాడన్న కథ. 2022 జూలైలో తెలంగాణ ప్రభుత్వం కాకతీయ వైభవ సప్తాహం జరిపి, ఆ వంశానికి చెందిన కమల్ చంద్ర భంజ్‌దేవ్‌ను వరంగల్లుకు ఆహ్వానించినప్పుడు మన పత్రికలు పేజీలు నింపాయి. రెండవది టీవీ తెర అడుగున పరుగులు తీసే ఎన్‌కౌంటర్ వార్త. ఈ రెండింటి నడుమ ఏడు శతాబ్దాలు ఉన్నాయి. ఆ నడిమి కాలం మనకు తెలియకపోవడం ఒక లోపం. బస్తర్ పిల్లలకే తెలియకపోవడం మరో స్థాయి విషయం.

ముందు పరీక్ష స్వరూపం చూద్దాం. విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చిన తరువాత, 2011 ఫిబ్రవరి 11న జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి ఇచ్చిన మార్గదర్శకాలే దేశమంతటా దీనికి మూలం. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు సాంఘిక శాస్త్రం బోధించదలచినవారు రెండవ పేపరు రాయాలి. 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటలు. శిశు వికాసం, బోధన పద్ధతులకు 30 మార్కులు, రెండు భాషలకు 30 చొప్పున, సాంఘిక శాస్త్రానికి 60. ఉత్తీర్ణతకు 60 శాతం. రిజర్వుడు వర్గాలకు రాష్ట్రాలు సడలింపు ఇవ్వవచ్చు. ఆ 60 మార్కుల్లోనే చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, వాటి బోధన పద్ధతులు అన్నీ ఇమడాలి. ఛత్తీస్‌గఢ్‌లో ఈ పరీక్షను నిర్వహించేది రాష్ట్ర వృత్తిపరమైన పరీక్షల మండలి, అక్కడివారి నోట వ్యాపం. టెట్ అర్హత మాత్రమే ఇస్తుంది. కొత్తగా ఉద్యోగం కావలసినవారు నియామక పరీక్ష మరొకటి రాయాలి. రెండింటికీ చదువు మాత్రం ఒకే గైడు సంస్కృతిలో సాగుతుంది.

ఆ గైడు సంస్కృతిలో బస్తర్ చరిత్ర అంటే ఒక పట్టిక. తిరుగుబాటు పేరు, సంవత్సరం, నాయకుడు, అప్పటి పాలకుడు. 1774లో మొదలైన హల్బా తిరుగుబాటు. 1825లో పరల్‌కోట్, నాయకుడు గేంద్ సింగ్. 1859లో కోయి తిరుగుబాటు. 1876లో మురియా తిరుగుబాటు. 1910లో భూమ్‌కాల్, నాయకుడు గుండాధూర్. ఇక పట్టిక కింద అనుబంధం: గుండాధూర్ పేరిట రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే పురస్కారం ఏ రంగానికి సంబంధించినది? క్రీడలకు. ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్ పేరిట ఇచ్చేది? విలువిద్యకు. అభ్యర్థి వీటిని కంఠస్థం చేస్తాడు. జతపరచండి అనే ప్రశ్న వస్తే మార్కు తెచ్చుకుంటాడు. అడవి కోసం లేచిన మనిషి పేరు ఆటల పతకం మీదికి ఎలా చేరిందో గైడు చెప్పదు. అది అడిగే ప్రశ్న కాదు కనుక.

భూమ్‌కాల్ విషయంలో కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. నా వాదనకంతటికీ ఆధారం అక్కడున్నది.

1905లో వలస ప్రభుత్వం బస్తర్ అడవిలో మూడింట రెండు వంతులను రిజర్వు చేయాలని ప్రతిపాదించింది. పోడు వ్యవసాయం, వేట, అటవీ ఫలసేకరణ ఆగిపోతాయన్నమాట. కొన్ని గ్రామాలను మాత్రం అడవిలో ఉండనిచ్చారు. అందుకు ప్రతిగా ఊరివారు అటవీ శాఖకు ఉచితంగా చెట్లు నరికిపెట్టాలి, మోసిపెట్టాలి, నిప్పు నుంచి కాపాడాలి. అప్పటికే పెరిగిన భూమిశిస్తులు, అధికారులు అడిగినప్పుడల్లా చేయవలసిన వెట్టి, దానికి తోడు 1899–1900లో ఒక కరువు, 1907–08లో మరొకటి. ముందుగా కదిలినవారు కాంగేర్ అడవిలోని ధుర్వాలు. రిజర్వు చేయడం అక్కడే మొదలైంది కనుక. నేతానార్ గ్రామానికి చెందిన గుండాధూర్ పేరు ముందుకు వచ్చింది గాని, దీనికి ఒకే నాయకుడంటూ లేడు. 1910లో మామిడి కొమ్మ, మట్టిముద్ద, మిరపకాయలు, బాణాలు ఊరి నుంచి ఊరికి తిరిగాయి. అవి పిలుపులు. ప్రతి ఊరూ తిరుగుబాటు ఖర్చుకు ఏదో ఒకటి ఇచ్చింది. సంతలు కొల్లగొట్టారు, అధికారుల, వర్తకుల ఇళ్లు, పోలీసు ఠాణాలు తగులబెట్టారు. ధాన్యాన్ని పంచిపెట్టారు. ఫిబ్రవరి నుంచి మే దాకా, మూడు నెలలు పట్టింది ఆంగ్లేయులకు అదుపు సాధించడానికి. గుండాధూర్ మాత్రం దొరకలేదు.

తగలబడినవాటిలో బడులు కూడా ఉన్నాయి.

ఈ సంగతి గైడు పట్టికలో ఉండదు. తిరుగుబాటుకు కారణాలేమిటని విచారించిన ఆంగ్లేయ అధికారి డి బ్రెట్ తన నివేదికలో రాసుకున్న జాబితాలో అడవుల రిజర్వు ఉంది, వెట్టి ఉంది, దివాను మీద ద్వేషం ఉంది. వాటితోపాటు, డబ్బు గుంజడానికి బడిపంతుళ్లు పిల్లలనూ తల్లిదండ్రులనూ పెట్టిన బాధలు కూడా ఒక కారణంగా ఉన్నాయి. అంటే టెట్‌కు కూర్చోబోయే ఉపాధ్యాయుడు నాలుగు ఐచ్ఛికాలతో చదువుతున్న ఆ తిరుగుబాటు, కొంత మేరకు ఉపాధ్యాయుల మీదనే జరిగింది. సాంఘిక శాస్త్రం చెప్పబోయేవాడికి ఇంతకంటే ముందుగా తెలియవలసిన విషయం ఏముంటుంది? బస్తర్ పల్లె బడిని మొదట చూసింది విద్యాలయంగా కాదు, ఠాణా పక్కన నిలిచిన మరో సర్కారు కొట్టంగా. ఆ జ్ఞాపకం తెలిసిన ఉపాధ్యాయుడు పిల్లవాడు బడికి రాకపోతే ఆదివాసులకు చదువు మీద ఆసక్తి లేదని తేల్చేయడు.

ఇంకొక సంగతి కూడా పట్టిక మింగేసింది. తిరుగుబాటు అణచివేతతో ముగిసిందని గైడు ఒక వాక్యంలో చెబుతుంది. నిజానికి రిజర్వు పనులు తాత్కాలికంగా ఆగాయి. తరువాత రిజర్వు చేయదలచిన విస్తీర్ణాన్ని, 1910కి ముందు అనుకున్నదానిలో సుమారు సగానికి తగ్గించారు. ఒక సామ్రాజ్యం తన ప్రణాళికను సగానికి సగం వెనక్కు తీసుకున్నది. ఇది ఓటమి కథ అనుకుని చదివిన పిల్లవాడికీ, బేరసారం కథ అనుకుని చదివిన పిల్లవాడికీ ప్రజాస్వామ్యం గురించి కలిగే ఊహ ఒకటి కాదు. ఇదేదో దొరకని రహస్యం కూడా కాదు. తొమ్మిదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ చరిత్ర పాఠ్యపుస్తకంలో అటవీ సమాజం, వలసవాదం గురించిన అధ్యాయంలో బస్తర్ గురించి ఏళ్ల తరబడి ఇదంతా ఉన్నది. పుస్తకంలో ఉన్నది పరీక్షకు వచ్చేసరికి పేరుగా, సంవత్సరంగా కుదించుకుపోతున్నది.

మన వైపు నుంచి ఒక మాట. 1859 నాటి కోయి తిరుగుబాటులో దొర్లలు లేచింది సాల వృక్షాలు నరికించుకుపోతున్న హైదరాబాదు గుత్తేదార్ల మీద. ఒక చెట్టుకు ఒక తల అన్న నినాదం ఆనాటిదే. కాకతీయ వైభవాన్ని స్మరించుకునే మనం ఈ గుత్తేదార్లను కూడా గుర్తుంచుకోవలసి ఉన్నది.

అదే గైడులో నూరు పేజీల తరువాత పౌరశాస్త్రం మొదలవుతుంది. అక్కడ మరో పట్టిక. 244వ అధికరణం, అయిదవ షెడ్యూలు, గిరిజన సలహా మండలిలో 20 మందికి మించని సభ్యులు, వారిలో నాలుగింట మూడు వంతులు షెడ్యూల్డు తెగల శాసనసభ్యులు. 1996 నాటి పెసా చట్టం. 2006 నాటి అటవీ హక్కుల చట్టం. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం పెసా నియమాలను నోటిఫై చేసిన సంవత్సరం 2022. పైగా స్థానిక గౌరవానికి ఒక బిట్టు: రాజ్యాంగ సభలో సభ్యుడైన కాంకేర్ ఆదివాసి నాయకుడు ఎవరు? రామ్‌ప్రసాద్ పోటాయి.

చరిత్ర అధ్యాయానికీ ఈ అధ్యాయానికీ మధ్య గైడులో ఏ దారీ లేదు. బస్తర్‌లో మాత్రం అవి ఒకే పాఠం.

దీనికి నాకు తెలిసిన ఉత్తమ ఉదాహరణ చాలా చిన్నది. రిజర్వు అడవులు రాకముందు బస్తర్ పల్లెలకు సరిహద్దులు ఉండేవి. ఆ హద్దుల్లోని అడవిని, నీటిని, నేలను ఊరు కాపాడుకునేది. పక్క ఊరివారికి కలప కావలసివస్తే చిన్న రుసుము చెల్లించి తీసుకునేవారు. దానిని దేవ్‌సారీ అని, దాండ్ అని, మాన్ అని పిలిచేవారు. కొన్ని ఊళ్లు కాపలాదారులను పెట్టుకుని, ఇంటికింత ధాన్యం పోసేవి. ఏటా ఒకసారి పరగణాలోని ఊళ్ల పెద్దలు వేటకు కలిసి, అడవితో సహా ఉమ్మడి విషయాలు మాట్లాడుకునేవారు. ఇప్పుడు పెసా చట్టం 4వ సెక్షన్ తెరిచి చూడండి. తమ సంప్రదాయాలను, ఉమ్మడి వనరులను, తగవులు తీర్చుకునే ఆచారబద్ధ పద్ధతిని కాపాడుకునే సామర్థ్యం గ్రామసభకు ఉన్నదని అది గుర్తిస్తుంది. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యాన్ని గ్రామసభకు, పంచాయతీలకు దఖలు పరుస్తుంది. 1905లో లాక్కున్నదానిని 1996లో పార్లమెంటు, కాగితం మీదనైనా, తిరిగి ఇచ్చింది. మధ్యలో 91 ఏళ్లు గడిచాయి. దేవ్‌సారీ చరిత్ర పాఠంలోనూ పెసా పౌరశాస్త్రంలోనూ విడివిడిగా పడి ఉన్నంతకాలం, పెసా అనేది ఢిల్లీ దయతో వచ్చిన పథకంలా కనిపిస్తుంది. రెండూ పక్కపక్కన ఉంటే, తాతల నాటి అప్పు తీర్చినట్లు కనిపిస్తుంది. నియమాల్లో గ్రామసభ సమ్మతి అని ఉండాలా, సంప్రదింపు అని ఉండాలా అన్న గొడవ 2022లో ఛత్తీస్‌గఢ్‌లో ఎందుకు అంత తీవ్రంగా నడిచిందో అప్పుడు పిల్లవాడికి కూడా అర్థమవుతుంది.

రాజకీయ పాఠకులకు పరిచయమున్న మరొక అధ్యాయానికి వద్దాం. 2011 జూలై 5న నందినీ సుందర్ కేసులో జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్.నిజ్జర్ ఇచ్చిన తీర్పు. 2005లో మొదలైన సల్వాజుడుం, ఆదివాసి యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి తుపాకులివ్వడం, వీటిని ఆ తీర్పు రాజ్యాంగ విరుద్ధమన్నది. 14, 21 అధికరణాల ఉల్లంఘన అన్నది. 2025 ఆగస్టులో ఉపరాష్ట్రపతి ఎన్నిక వేళ ఈ తీర్పు మళ్లీ తెర మీదికి వచ్చింది. అది రాకపోయి ఉంటే నక్సలిజం 2020 నాటికే అంతమయ్యేదని కేంద్ర హోం మంత్రి అమిత్ షా ఆరోపించారు. ప్రతిపక్షాల అభ్యర్థిగా నిలిచిన సుదర్శన్ రెడ్డి, ఆ తీర్పు తనది కాదు, సుప్రీంకోర్టుది అని, దానిని చదివి ఉంటే హోం మంత్రి అలా మాట్లాడేవారు కాదని బదులిచ్చారు. ఆ వారమంతా టీవీ చర్చల్లో పాల్గొన్నవారిలో తీర్పు చదివినవారు ఎందరో నాకు అనుమానమే.

చదివితే అందులో సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడికి పనికివచ్చే భాగం ఒకటి కనిపిస్తుంది. అయిదో తరగతి చదివితే చాలన్న ఆ యువకులకు రెండు నెలల శిక్షణ ఇస్తున్నామని రాష్ట్ర ప్రభుత్వం కోర్టుకు చెప్పుకున్నది. పీరియడుకు ఒక గంట. శిక్షాస్మృతి, నేర విచారణ స్మృతి, సాక్ష్యాధారాల చట్టం వగైరాలకు 24 పీరియడ్లు. మానవ హక్కులు, రాజ్యాంగ నిబంధనలకు 12. బస్తర్ సంస్కృతి, ఆచారాలకు 9. అయిదో తరగతి చదువుతో వచ్చినవాడు ఈ గంటల్లో వీటిని గ్రహించి, ఎవరిని ఎప్పుడు కాల్చవచ్చునో కూడదో వివేచించగలడని ప్రభుత్వం నమ్మమన్నది. కోర్టు నమ్మలేదు. బస్తర్‌లో పౌరశాస్త్ర బోధన మీద ఈ దేశపు అత్యున్నత న్యాయస్థానం వ్యాఖ్యానించిన సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే. పన్నెండు పీరియడ్ల రాజ్యాంగం చాలదని అక్కడ తేలింది. టెట్ అభ్యర్థి రాజ్యాంగానికి కేటాయించే సమయం అంతకన్నా ఎంత ఎక్కువ ఉంటుందో మీరే ఊహించుకోండి.

అదే వ్యాజ్యంలో, బడుల నుంచి, ఆశ్రమశాలల నుంచి భద్రతా దళాలు ఖాళీ చేసి వెళ్లాలని కోర్టు పదే పదే చెప్పవలసి వచ్చింది. మావోయిస్టులు బడి భవనాలను పేల్చివేశారు. పోలీసులు మకాం వేస్తారని వారు చెప్పుకున్న కారణం. 1910లో తగలబడిన బడి నూరేళ్ల తరువాత రెండు వైపుల నుంచీ దెబ్బతిన్నది. వందలాది పల్లెలు ఖాళీ అయ్యాయి. అలా వచ్చినవారిలో కొందరు మన భద్రాద్రి, ములుగు అడవుల్లో గుత్తికోయలన్న పేరుతో ఇప్పటికీ ఏ ప్రభుత్వానికీ చెందనట్లు బతుకుతున్నారు. బీజాపూర్, సుక్మా, దంతెవాడ జిల్లాల్లో బాటల పక్కన వెదురుతో కట్టిన పోటా కేబిన్ ఆశ్రమ పాఠశాలలు వెలిశాయి. ఊరికి బడి వెళ్లలేక, పిల్లలే ఊరు విడిచి బడికి రావలసి వచ్చింది.

ఇటీవల మూతపడిన బడులు కొన్ని తెరుచుకుంటున్నాయి. 2026 మార్చి 31లోగా మావోయిస్టు ఉద్యమాన్ని నిర్మూలిస్తామని కేంద్రం గడువు పెట్టుకున్నది. 2025 మే 21న అబూజ్‌మాడ్‌లో ఆ పార్టీ ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లావాడైన నంబాళ్ల కేశవరావు మరణించాడు. ఇన్నాళ్లూ యుద్ధం గురించి రాసిన కలాలు ఇక బడి గురించి రాయక తప్పదు. లోపలి పల్లెల్లో ఆ బడులను నడుపుతున్నది ఎక్కువగా శిక్షాదూత్‌లు. స్థానికంగా దొరికిన, కొంత చదువుకున్న యువకులు. తాత్కాలిక పని, కొద్దిపాటి గౌరవ వేతనం. ఇన్‌ఫార్మర్లన్న ముద్ర వేసి మావోయిస్టులు వారిలో పలువురిని చంపారు. ఆ ఊళ్లలో బోర్డు మీద సుద్దముక్కతో అక్షరం రాయడానికి ప్రాణం పణంగా పెట్టినవారు వీరు. ఇంత చేసినా, రేపు స్థిరమైన ఉపాధ్యాయ పదవి కావాలంటే మిగిలినవారిలాగానే గుండాధూర్ ఏ సంవత్సరమో గుర్తుపట్టి గడి నింపవలసిందే.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని న్యాయంగా ఎదుర్కోవాలి. టెట్‌ను ఎత్తివేయాలా? అక్కర్లేదు. సిఫారసులు, లంచాలు రాజ్యమేలే నియామకాలను చూసినవారికి, నాలుగు ఐచ్ఛికాల ప్రశ్నపత్రం ఎంత రక్షణో తెలుసు. ముఖం చూడని పరీక్ష ఆదివాసి అభ్యర్థికి మేలే చేస్తుంది. ఉపన్యాస రూప ప్రశ్నలు పెడితే మూల్యాంకనం చేసేవాడి భాష, కులం, అభిరుచి అన్నీ మార్కుల్లోకి దూరుతాయి. ఎనిమిదవ షెడ్యూలులో చోటైనా లేని గోండీ మాట్లాడే పిల్లవాడు పట్టణపు హిందీలో వ్యాసం రాసి పోటీపడాలంటే మొదటికే మోసం.

స్థానికులే స్థానిక పిల్లలకు చెప్పాలన్న వాదన సంగతి వేరు. దానితో నాకు సానుభూతి ఉన్నది. మన ఉమ్మడి రాష్ట్రం 2000 జనవరిలో 3వ నంబరు జీవో ద్వారా షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించింది. 2020 ఏప్రిల్ 22న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని కొట్టివేసింది. ఆ తీర్పు ఏజెన్సీలో రేపిన అలజడి ఇంకా చల్లారలేదు. ఇక ఛత్తీస్‌గఢ్‌లో ప్రాథమిక పాఠశాలలకు బీఎడ్ చెల్లదన్న 2023 నాటి సుప్రీంకోర్టు తీర్పు పర్యవసానంగా, బస్తర్, సర్గుజా వంటి ప్రాంతాల బడుల్లో పనిచేస్తున్న 2,600 మందికి పైగా సహాయ ఉపాధ్యాయులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. రాయపూర్ వీధుల్లో నెలల తరబడి ఆందోళన చేశాక, 2025 ఏప్రిల్‌లో వారిని సైన్సు ప్రయోగశాల సహాయ ఉపాధ్యాయులుగా సర్దుబాటు చేయాలని మంత్రివర్గం నిర్ణయించింది. అర్హతల గురించిన ఈ కోర్టు వివాదాలన్నింటిలోనూ వాదన ఎవరు బోధించాలన్నదాని మీదనే. ఏమి తెలిసి ఉండాలన్న విషయం అన్నిచోట్లా వాయిదా పడుతూ వచ్చింది.

నేను అడుగుతున్నది స్వల్పం. బిట్ల రూపాన్ని మార్చకుండానే బిట్టులోని సరుకు మార్చవచ్చు. ఉదాహరణకు ఇలా అడగవచ్చు: 1910 తరువాత బస్తర్‌లో రిజర్వు చేయదలచిన అటవీ విస్తీర్ణానికి ఏమైంది? పెరిగింది, యథాతథంగా ఉన్నది, సుమారు సగమైంది, పూర్తిగా రద్దయింది. లేదా: ఒక గ్రామసభ తన పరిధిలోని తునికాకును కాంట్రాక్టరుకు కాక తానే అమ్ముకోదలచింది, దీనికి అది ఏ చట్టాలను ఆధారంగా చూపవచ్చు? లేదా: దేవ్‌సారీ రుసుము కింది వాటిలో దేనికి సన్నిహితం? భూమిశిస్తు, వెట్టి, ఉమ్మడి వనరుల మీద గ్రామ నియంత్రణ, రాజకానుక. ఒక బోధన పద్ధతి ప్రశ్న కూడా పెట్టవచ్చు. 1910లో బడులు ఎందుకు తగలబడ్డాయని ఏడో తరగతి పిల్లవాడు అడిగాడు, ఉపాధ్యాయుడు మొదట ఏమి చేయాలి? వీటికి కూడా ఒకే సరైన సమాధానం ఉంటుంది, యంత్రమే దిద్దుతుంది. కాని వీటికి సిద్ధం కావాలంటే అభ్యర్థి పట్టిక మూసి పుస్తకం తెరవాలి.

ఇలా అడిగితే ప్రమాదమని భావించే అధికారులు ఉంటారని తెలుసు. పెసా గురించి, సల్వాజుడుం తీర్పు గురించి తరగతిలో మాట్లాడితే నక్సలైటు అంటారేమోనన్న భయం బస్తర్ ఉపాధ్యాయుడికి ఉన్నది, లేదనడం అబద్ధం. సరిగ్గా అందుకే అది ప్రశ్నపత్రంలో ఉండాలి. వ్యాపం అడిగిన ప్రశ్నను తరగతిలో చర్చించినందుకు ఎవరూ ఉపాధ్యాయుడిని నిలదీయలేరు. పార్లమెంటు చేసిన చట్టం, సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ఎన్‌సీఈఆర్‌టీ అచ్చువేసిన పాఠం, ఈ మూడింటిలో దేనినీ అడవిలో అచ్చయిన కరపత్రం అనలేరు.

సర్వీసులో ఉన్నవారి విషయంలో ప్రభుత్వానికి అదనపు బాధ్యత ఉన్నది. సుప్రీంకోర్టు చెప్పిన రెండేళ్ల గడువు 2027 ఆగస్టు ముగిసేనాటికి తీరుతుంది. కొంటా దగ్గరో భోపాలపట్నం దగ్గరో పనిచేసే ఉపాధ్యాయుడికి రాయపూర్ కోచింగ్ కేంద్రం అందుబాటులో లేదు. ఒంటరిగా గైడు తిరగేయమని వదిలేస్తే అతను నేర్చుకునేది పట్టికే. జిల్లా విద్యా శిక్షణ సంస్థల్లో వేసవిలో పది రోజులు కూర్చోబెట్టి, ఒక చేత భూమ్‌కాల్ పాఠాన్ని, మరో చేత పెసా నియమాలను పెట్టి చదివిస్తే పరీక్షా గట్టెక్కుతుంది, పాఠమూ మారుతుంది. ఆయా గ్రామాల పెద్దలను ఒక పూట పిలిచి, ఊరి హద్దుల గురించి చెప్పించడానికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు. 2025లో హేతుబద్ధీకరణ పేరిట రాష్ట్రంలో పది వేలకు పైగా బడులను విలీనం చేయడానికి తీరిక దొరికిన విద్యాశాఖకు ఈ పది రోజులు దొరకకపోవు.

ప్రశ్నపత్రం మార్చడానికి శాసనసభ తీర్మానం అక్కర్లేదు, సిలబస్ కూడా మార్చనక్కర్లేదు. రెండవ పేపరులో సాంఘిక శాస్త్రానికి 60 ప్రశ్నలున్నాయి. వాటిలో బస్తర్ మీద వచ్చే ఒకటి రెండింటిని ఎవరు రాస్తారో, ఏ పుస్తకం ముందు పెట్టుకుని రాస్తారో, రాయపూర్‌లో ఒక గదిలో తేలుతుంది.